పింఛను ఫొటోకి పాత చీర

మా ఊళ్ళో పిల్లలకి అక్షరాలు నేర్పిన దానికంటే, ఫొటోకి ఏం కట్టుకోవాలో పెద్దవాళ్ళకి చెప్పిందే ఎక్కువ. నేను అంగన్‌వాడీ టీచర్ని. మండలాఫీసులో ఏ బల్ల దగ్గరికి పోవాలో తెలిసిన ఆడమనిషిని నేనొక్కదాన్నే అని ఊరంతా నమ్మేది. తొంభైల చివర్లో శెనక్కాయ పంట వరసగా ఎండిపోయినప్పుడు, మా అరుగు మీద ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు అర్జీ రాయించుకోవడానికి కూర్చునే ఉండేవాళ్ళు. పింఛనుకి అర్జీ, ఇంటికి అర్జీ, తెల్లకార్డుకి అర్జీ. ప్రతి అర్జీకీ ఒక ఫొటో. ఫొటో అనగానే ఆడవాళ్ళు ట్రంకుపెట్టెలోంచి మంచి చీర తీసేవాళ్ళు, పక్కింట్లో కమ్మలు బదులడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

"పెండ్లికి పోతాండావా, పింఛనుకు పోతాండావా? పాత చీర కట్టుకో. తలకు నూనె పెట్టొద్దు. చెవులకు ఉండేవి తీసేసిపో," అని కసిరేదాన్ని.

ఈ శాస్త్రం నేను కనిపెట్టింది కాదు. ఎక్కడో ఎవరో ఒకామె జరీ చీరలో దిగిన ఫొటో ఇస్తే, "నీకేం తక్కువమ్మా" అని అర్జీ పక్కన పడేశారట. ఆ 'అట' పట్టుకుని ఊరినంతా బికారుల్లా ముస్తాబు చేసి కదిరికి పంపించాను. అక్కడి స్టూడియో ఆయన నన్ను చూస్తే నవ్వేవాడు. ఆయన దగ్గర జలపాతం బొమ్మ వేసిన పరదా ఉండేది, ఉద్యోగాలకి ఫొటో దిగే మగపిల్లల కోసం కొక్కేనికి ఒక నల్లకోటు ఉండేది, అద్దం పక్కన దారంతో కట్టేసిన దువ్వెన ఉండేది.

"మీ ఊరోళ్ళు వస్తే నా పౌడరు ఖర్చు కాదు టీచరమ్మా. మొగానికి ఉండే పౌడరు గూడా తుడుచుకోని కూర్చుంటారు," అనేవాడు.

తర్వాత మా అమ్మ వంతు వచ్చింది. నాయన పోయి ఏడాది అయింది. అన్న బెంగుళూరులో ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయి, ఉగాదికో పీర్ల పండక్కో తప్ప వచ్చేవాడు కాదు. అమ్మ పింఛను అర్జీ నేనే రాశాను. సాయంత్రం ఆ మాట చెప్పగానే ఆమె చేతిలో చాట పక్కన పెట్టింది.

"ఫొటోనా? నా పెండ్లికి గూడా ఎవురూ తీయలేదు పాపా. ఆ వంకాయ రంగు చీర కట్టుకుంటా. నువ్వు కొనిచ్చినావు కదా, అది కట్టుకోని దిగుతా," అంది.

నా మొదటి జీతంతో కొన్న చీర అది. పట్టు కాదు, పట్టులా కనిపించేది. అప్పటికి ఆమె రెండుసార్లు కట్టుకుందేమో. ఆ రోజు పొద్దుటి నుంచీ చంటిపిల్లల తూకాలు, రికార్డులు, బస్సు రాక రెండు మైళ్ళ నడక. ఎదురుగా మనిషి ఆశపడుతోందని చూసే ఓపిక కూడా నాలో లేదు. అందరికీ చెప్పిందే ఆమెకీ చెప్పాను. దండెం మీద ఉన్న బూడిద రంగు చీర లాగి ఇచ్చాను. దానికి భుజం దగ్గర చిన్న చినుగు ఉండింది. ఆ చినుగు ఫొటోలో పడాలి కదా! అందులో వేలు పెట్టి పర్రుమని జానెడు చింపాను.

అమ్మ నా చేతికేసి చూసింది. "అయ్యో, ఎందుకు పాపా? కట్టుకునే చీర కదా అది," అంది. అంతే అంది.

"నీకోసమే కదమ్మా నేను చస్తాండేది!" అని అరిచాను. అమ్మ చీర మడత పెట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడు సూపర్‌వైజరమ్మ వస్తుందని నేను ఊళ్ళోనే ఉండిపోయాను. అమ్మ పక్కింటామెతో బస్సెక్కి పోయి ఫొటో దిగి వచ్చింది. వారం తర్వాత చిన్న కవరులో మూడు కాపీలు తెచ్చాను. మొహం నా బొటనవేలి గోరంత ఉంది. భుజం దగ్గర వెతికాను.

"చినుగు పడనే లేదే?" అన్నాను.

"ఎనక్కి పోయినట్లుంది పాపా," అంది అమ్మ, పొయ్యిలోకి పుల్ల తోస్తూ. చేసిన కష్టమంతా దండగైందని విసుక్కుంటూ ఆ ఫొటో అర్జీకి అంటించాను.

ఆఫీసులో దాన్ని చూసినవాడు లేడు. నా కళ్ళముందే గుమాస్తా పక్కవాడితో మాట్లాడుతూ సరిగ్గా అమ్మ మొహం మీద ముద్ర గుద్దాడు. పింఛను రావడానికి రెండేళ్ళు పట్టింది. నా మాట వినకుండా కమ్మలు పెట్టుకుని దిగిన ఒకామెకి అంతకు ముందే వచ్చింది. ఆ సంగతి మా అరుగు మీదే కూర్చుని, నేనిచ్చిన టీ తాగుతూ చెప్పింది.

కొన్నేళ్ళకి ఒక ఎండాకాలం అమ్మ జ్వరంతో మంచం పట్టి, మళ్ళీ లేవలేదు. స్నానం చేయించాక కట్టడానికి ఆమె పెట్టె తెరిచి వంకాయ రంగు చీర తీశాను. చెంగు చివర కొన్ని పోగులు లేవు. ఎలకలు కొరికాయనుకుని, అంత ఏడుపులోనూ ఎలకల్ని తిట్టాను. ఆ చీర కట్టే ఆమెను సాగనంపాము.

దినాలకి పటం కావాలి. ఆమె దిగిన ఫొటో ఆ పింఛనుది ఒక్కటే. అన్న దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఈ బికారి ఫొటోనా నలుగురి ముందర పెట్టేది? ఇప్పుడు కంప్యూటర్లో చీర మారుస్తాండారు. మంచి పట్టుచీర పెట్టించుకోని రా," అన్నాడు.

నాకూ అదే కావాలనిపించింది. నెగెటివ్ స్టూడియోలో ఉంటుందేమోనని మళ్ళీ కదిరి పోయాను. జలపాతం పరదా చుట్టేసి మూలన పడేశారు. దాని స్థానంలో కంప్యూటరు ఉంది. స్టూడియో ఆయన చెప్పుల అట్టపెట్టెలో చాలాసేపు వెతికి నెగెటివ్ పట్టుకున్నాడు. తర్వాత తెర మీద వరసగా తలలు లేని ఆడవాళ్ళు వచ్చారు. అందరూ పట్టుచీరల్లో, మెడ నిండా నగలతో కూర్చుని ఉన్నారు.

"యా బాడీ పెట్టల్ల టీచరమ్మా?" అన్నాడు.

వంకాయ రంగుకి దగ్గరగా ఉన్నది చూపించాను. ఆయన మా అమ్మ తల తెచ్చి దాని మీద పెట్టాడు. బలమైన భుజాలు, కాసులపేరు, వాటి పైన ఎండకి మాడిన మా అమ్మ మొహం. ఎవరింట్లోనో తప్పిపోయి కూర్చున్నట్టు ఉంది. నేను చూడలేకపోయాను.

"తీసేయన్నా. ఉండేదే పెద్దది చేసియ్యి," అన్నాను.

"సరే, దీన్నే శుభ్రం చేస్తాలే," అని పాత ఫొటోనే పెద్దది చేస్తూ పోయాడు. తెర నిండా బూడిద రంగు చీర, అమ్మ భుజం. ఆయన వేలు పెట్టి చూపించాడు. "ఈడ జూడు, గీత పడిండాది. నెగెటివ్ గీరుకున్యట్లుండాది."

నేను ముందుకు వంగి చూశాను. భుజం మీంచి కిందికి, జానెడు మేర, దగ్గర దగ్గరగా సన్నని కుట్లు. దారం వంకాయ రంగు.

ఎలకలు కొరకలేదు. నేను చింపిన చోట, నేను కొనిచ్చిన చీర పోగులు లాగి ఆమె కుట్టుకుంది. నా మాట కాదనలేదు, పాత చీరే కట్టుకుంది. చినుగుతో మాత్రం కూర్చోలేదు. ఊళ్ళో ఎంతమందికి పుణ్యం చేశానని మురిసిపోయానో ఆ రోజు దాకా! కన్నతల్లి చీర చింపిన చెయ్యి ఇది.

"తీసేద్దామా టీచరమ్మా? రెండు నిమిషాల పని," అన్నాడాయన, మౌస్ మీద చెయ్యి పెట్టి.

"వద్దన్నా," అన్నాను. "అది గీత కాదు. మా యమ్మ కట్టుకుంటానని అడిగిన చీర. నేను అంత మాత్రమే కట్టుకోనిచ్చినా."