సబ్‌స్టేషన్‌లో రికార్డు చేసిన రాక్ పాట

2011 జూన్‌లో నన్ను కామారెడ్డి రికార్డింగ్ యూనిట్‌కు ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా వేశారు. యూనిట్ అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. రేడియో వారు అద్దెకు తీసుకున్న రెండు గదులు, ఒక మిక్సర్, రెండు మైకులు, ఒక హార్మోనియం, నేను. చుట్టుపక్కల మండలాల రైతుల ముచ్చట్లు, పాటలు రికార్డు చేసి హైదరాబాద్‌కు పంపడం పని. నా భార్య పోయి అప్పటికి ఏడాది దాటింది. స్టూడియో తలుపు వేస్తే వచ్చే నిశ్శబ్దం నేను కష్టపడి సాధించుకున్నది. ఇంటి తలుపు వేస్తే వచ్చేది నాకు పడేది కాదు.

మా వృత్తిలో మొదటి శత్రువు హమ్. కరెంటు తీగల నుంచి, యంత్రాల నుంచి రికార్డింగ్‌లోకి దూరే గుయ్‌మనే మోత. అది ఉన్న రికార్డింగ్‌ను హెడ్డాఫీసులో పూర్తిగా వినకుండానే తిప్పి పంపేవారు. దాన్ని తరిమేయడంలో నాకు మంచి పేరుండేది. కాస్త గర్వం కూడా ఉండేది.

ఆ చలికాలం ఎల్లారెడ్డి సబ్‌స్టేషన్ ఆపరేటర్ దేవదానం ఎలక్ట్రిక్ గిటార్ భుజాన వేసుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి. వయసులో ఉన్నప్పుడు సికింద్రాబాద్‌లో ముగ్గురు స్నేహితుల రాక్ బ్యాండ్‌లో పాడేవాడట. లోతు స్వరాల బేస్ గిటార్ వాయిస్తూ తనతో వంతులుగా పాడే ఆంటొని చనిపోయాడు. డ్రమ్ములు వాయించే గఫార్ గల్ఫ్‌కు పోయాడు, జాడ లేదు. ముగ్గురూ కలిసి కట్టిన పాట ఒకటి అప్పట్లో రైల్వే కాలనీల్లో అందరి నోటా ఉండేదట. ఎక్కడా రికార్డు కాలేదు.

"ఇప్పుడది నా ఒక్కని నోట్లెనే ఉన్నది సార్. నేను పోతే పాట గూడ పోతది. ఒక్కసారి రేడియోల రావాలె," అన్నాడు.

స్టూడియోలో ఆయన గిటార్ శ్రుతి మా హార్మోనియం ఏ మెట్టుకూ కలవలేదు. మొదటి చరణం దాటకముందే ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగాడు. చివరికి తల దించుకుని, "ఇక్కడ మోత లేదు సార్. ఆంటొని పోయినంక నాకు ట్రాన్స్‌ఫార్మరే బేస్. దానికే శ్రుతి పెట్టుకున్న. అది లేకపోతే ఒక్కన్నే అయిపోతున్న," అన్నాడు.

నాకు చిర్రెత్తింది. ఉద్యోగమంతా నేను తరిమిన మోతను ఈయన తోడు తెచ్చుకున్నాడు. అయినా ఆదివారం పరికరాలు బస్సులో పెట్టుకుని ఎల్లారెడ్డి పోయాను.

కంచె అవతల ట్రాన్స్‌ఫార్మర్, ఇవతల కంట్రోల్ రూమ్. ఒక మైకు ఆయన ముందు పెట్టాను, ఇంకొకటి తెరిచిన కిటికీ దగ్గర. పాట అందుకోగానే, కరెంటు ఎప్పుడిస్తారని ఏదో ఊరి నుంచి ఫోను. "అన్నా, లైన్ మీద మనిషున్నడు, ఆయన దిగినంక ఇస్త," అని చెప్పి మళ్లీ గిటార్ అందుకునేవాడు. పొద్దు వాలేసరికి ఒక్క టేక్ పూర్తిగా కుదిరింది. రైలు దిగి ఎవరి దారిన వారు పోయే ముగ్గురి పాట అది. ఒక వరుస ఆయన గట్టిగా పాడతాడు. తర్వాతి వరుస ఆంటొనిది. అక్కడ దేవదానం పాడడు, వాయించడు. మోత ఒక్కటే ఉంటుంది. మళ్లీ తన వరుస. ఆ ఖాళీలు నాకు తెలిసినవే. ఇంట్లో నా భార్య మాట్లాడే చోట్ల నేనూ ఇంకా ఆగుతూనే ఉన్నాను.

కామారెడ్డి వచ్చాక ఫిల్టర్ వేసి మోత తీసి చూశాను. ఖాళీలు చచ్చుబడిపోయాయి, వాటితో పాటు పాటా పోయింది. రికార్డింగ్ వెంట పంపే కాగితం మీద "మోత పాటలో భాగం, తీయరాదు" అని రాసి పంపాను. ఎందుకో ఆమోదించారు.

ప్రసారమైన సాయంత్రం ఇక్కడ నేను, ఎల్లారెడ్డిలో ఆయన, చెరో రేడియో ముందు కూర్చున్నాం. మొదటి ఖాళీలో మోత ఒక్కటే వినబడగానే, హైదరాబాద్‌లో ప్రసారం చూసుకునే డ్యూటీ ఆఫీసర్ లైను చెడిందనుకున్నాడు. అలాంటప్పుడు ప్రసారం ఆపి వాద్య సంగీతం వేయాలన్నది నియమం. వీణ వేశాడు. నియమం ప్రకారం ఆయన తప్పు లేదు. మళ్లీ వేయమని రాస్తే, మోత, ఖాళీలు లేకుండా కొత్తగా చేసి పంపమన్నారు.

దేవదానానికి ఫోన్ చేసి, ఆంటొని వరుసలు నేను పాడతానన్నాను. "మీరు మంచోళ్లే సార్. గని అది ఆంటొని జాగ," అన్నాడు. పాట కథ అక్కడితో ముగిసిందనుకున్నాను. చాలా బాధేసింది.

శ్రోతల నుంచి మా యూనిట్‌కు వచ్చింది ఒకే ఒక్క ఫోను. నాగిరెడ్డిపేట సబ్‌స్టేషన్ ఆపరేటర్ లింగం.

"డ్యూటీల నేను గూడ ఒక్కన్నే ఉంట సార్. రేడియోల ఆ మోత ఇని మాదే అనుకున్న. పాట నడుమల ఎందుకు ఆపిన్రు? మిగతాది ఎట్ల ఇనాలె?" అని అడిగాడు.

పాడింది ఎల్లారెడ్డి ఆపరేటర్ అని చెప్పగానే నవ్వాడు. లైన్ పనుల కోసం ఏళ్లుగా ఫోన్ చేసే చోటే అది. మాట్లాడే గొంతు ఎరుక, పాడే గొంతు, మనిషి ఎరుక లేదు.

ఆ వారంలోనే దేవదానం అతనికి డ్యూటీ ఫోన్‌లో పాట మొత్తం వినిపించాడు. తర్వాత నాతో, "ఆంటొని జాగల కాడ అటు దిక్కు గూడ మోత ఇనవడ్డది సార్. లింగం నడుమ మాట్లాడలే. ఆగిండు," అన్నాడు.

కరెంటు వచ్చేది ఒకే గ్రిడ్ నుంచి కాబట్టి రెండు చోట్లా మోత శ్రుతి ఒకటే. అందులో వింత లేదు. నేను నేర్చుకున్నది పనికి సంబంధించిన సంగతి. 2014లో రిటైరయ్యేదాకా, రికార్డింగ్‌లోంచి ఏ శబ్దం తీసేముందైనా పాడేవాళ్లను అడిగేవాణ్ణి, ఇది లేకుండా మీరు పాడగలరా అని. చాలామంది తీసేయమన్నారు. ఒకరిద్దరు మాత్రం కాసేపు ఆలోచించుకుని, ఉండనివ్వమన్నారు.