ఎదురెక్కిన వాలుగలు

డెబ్బై రెండులో తొలివానకు బోధన్ దగ్గరి ఓ చెరువులోంచి వాలుగ చేపలు గుడ్లు పెట్టడానికి కాలువలోకి ఎదురెక్కాయి. వాటి మీసాలు పోలీసు పటేలు మీసాలకన్నా పొడుగు. చేపలు పట్టి బతికే హన్మండ్లు గట్టున కాపలా కూర్చుని, "గుడ్ల మీదున్నయి, వల ఎయ్యకుండ్రి. వచ్చేయేడు చెరువు నిండ పిల్లలే" అని తోటివాళ్లను ఆపాడు.

మళ్లీ చినుకు రాలలేదు. కాలువ ఇంకి చేపలు బురదలో చిక్కుకున్నాయి. గడ్డికంటిన గుడ్లు ఆవాల్లా ఎండాయి. చేపలను తిరిగి చెరువులో వేద్దామంటే అదీ అడుగంటింది. హన్మండ్లు ఇంటి బావి నుంచి కడవలతో నీళ్లు మోసి కాలువలో పోశాడు, నేల తాగేసింది.

"గద్దలకు దావతిస్తున్నవా? అందరం పస్తులున్నం. ఇగ ఏరుకోనియ్యి" అంది భార్య పెంటవ్వ.

అతను కడవ పక్కన పెట్టి, తట్ట తెమ్మన్నాడు. మొదటి చేపను తానే ఎత్తాడు. అది ఇంకా కొట్టుకుంటూనే ఉంది.