పాము తోక దగ్గర నిచ్చెన

మొన్న ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం కూర్చుని ఉంటే, దుప్పటి పరిచి ఆటబొమ్మలు అమ్ముకుంటున్న ఒక అమ్మాయి దగ్గర, ప్లాస్టిక్ కాగితం మీద అచ్చు వేసిన పాములూ నిచ్చెనల పటం ఒకటి కనపడింది. రంగులు బాగానే ఉన్నాయి, పాములు నవ్వుతున్నాయి, ఒక పాముకు నల్ల కళ్ళద్దాలు కూడా పెట్టారు. తీరా నా కళ్ళజోడు సర్దుకుని చూస్తే ఒక్క నిచ్చెనకూ పేరు లేదు, ఒక్క పాముకూ పేరు లేదు, ఒకటి నుంచి వంద దాకా అంకెలు తప్ప. ఎందుకు పైకి పోతున్నామో ఎందుకు కింద పడుతున్నామో తెలియకుండా ఈ ఎక్కడం దిగడం ఏమిటమ్మా అని అడిగితే, ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, ముప్పై రూపాయలే, పిల్లలు అవన్నీ అడగరు అంది. నేను కొనలేదు. పేరు లేని నిచ్చెన నా దృష్టిలో గోడకు ఆనించే నిచ్చెనే గానీ ఆటలో నిచ్చెన కాదు, ఈ మాట ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు, మనం దాన్ని వైకుంఠపాళి అనేవాళ్ళం, కాస్త చదువుకున్నవాళ్ళు పరమపద సోపాన పటం అనేవారు. అడుగున పుట్టుక, పైన పరమపదం, నడుమ బతుకంతా గళ్ళు గళ్ళుగా ఉండేది. దానం, సత్యం, భక్తి అన్న గళ్ళలో నిచ్చెనలు కాచుకుని ఉంటే, అసూయా గర్వమూ ఉన్న గళ్ళలో పాములు నోళ్ళు తెరుచుకుని ఉండేవి. మా నాయన ఆ పటాలు గీసేవాడు. ఆయనది సేద్యం, వింజమూరుకూ ఉదయగిరికీ నడుమ ఉన్న మా ఊళ్ళో, అన్నదమ్ములిద్దరికీ ఉమ్మడిగా ఉన్న బావి కింద నాలుగెకరాలు, మిగతాదంతా వాన దయ. ఎండాకాలం పనులు లేనప్పుడు ముతక గుడ్డకు చింతగింజల గంజి పట్టించి, బండరాయి మీద ఆరబెట్టి, గళ్ళు గీసి, ఊరూరా అడిగినవాళ్ళకు పటం వేసి ఇచ్చేవాడు.

దానం, అసూయ లాంటి పుస్తకాల పేర్లు మావాళ్ళకు పట్టవని నాయన సొంత పేర్లు పెట్టేవాడు. బాటసారికి నీళ్ళిచ్చినవాడు, ఊరి బావి పూడిక తీసినవాడు, పొరుగువాడి పశువుకు మేత వేసినవాడు అని నిచ్చెనలు. చాడీలు చెప్పినవాడు, దొంగతనంగా తూము ఎత్తినవాడు, పంట మీదికి మందను తోలినవాడు అని పాములు. ఈ చివరి పాము సంగతి తెలిసి గొర్రెలు కాసే కుటుంబాలవాళ్ళు మా ఇంటికి వచ్చి, పాముల్లోనే గానీ నిచ్చెనల్లో మేము లేమా అని గట్టిగానే నిలదీస్తే, పొరుగువాడి చేలో ఎరువుకు మంద కట్టించినవాడు అని ఒక నిచ్చెన పెంచి వాళ్ళను శాంతింపజేశాడు. గళ్ళలో జరిపే పిక్కలు మాత్రం ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఒక సాహెబు చేసి ఇచ్చేవాడు. వాళ్ళ ప్రవక్త ఒక్క రాత్రిలో ఆకాశాలన్నీ ఎక్కిపోయి మళ్ళీ జనం దగ్గరికి దిగి వచ్చాడనీ, ఆ ప్రయాణాన్ని చెప్పే మేరాజ్ అన్న మాటకు అర్థమే నిచ్చెన అనీ ఆయన చెబితే నాయన చాలా సంబరపడ్డాడు. మా అవ్వ మాత్రం, ఎవరి దేవుడి నిచ్చెన ఎట్లా ఉన్నా మనిషిని కడసారి మోసుకుపోయే పాడె కూడా రెండు వెదుర్లూ నాలుగు అడ్డకట్టెలూ వేసిన నిచ్చెనే గదా అని తేల్చేసింది. అవ్వ మాటలు అట్లాగే ఉండేవి.

పటం నాయన గీస్తే అక్షరాలు నేను రాసేదాన్ని. నా దస్తూరి బాగుంటుందని నేను చెప్పుకోకూడదు గానీ బాగుండేది. అప్పుడే ఆత్మకూరులో టీచరుగా చేరాను, శనివారం మధ్యాహ్నం బస్సెక్కి ఊరికి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేదాన్ని. నేను ఉద్యోగంలో చేరిన రోజున నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఆత్మకూరు వచ్చినవాడు మా పెదనాయన. నాకు గది చూసి, తలుపు గడియ తానే నాలుగుసార్లు వేసి తీసి, ఇది గట్టిదేనని నమ్మకం కలిగాక గానీ వెనక్కి బస్సెక్కలేదు. తాత చిన్నప్పుడే పోతే నాయనను పెంచింది ఆయనే. అందుకే నాయన పెళ్ళీడు పిల్లకు తండ్రి అయ్యాక కూడా అన్న ముందు మంచం మీద కూర్చునేవాడు కాదు.

ఇంత మంచి మనిషికి ఒక్క బలహీనత ఉండేది. మా చేనుకూ ఆయన చేనుకూ నడుమ ఉన్న గట్టును, దున్నిన ప్రతిసారీ ఒక చాలు మావైపు కోసేవాడు. ఒక చాలంటే ఎంత, జానెడు; కానీ పదేళ్ళ జానలు కలిస్తే మా చేను కంటికి కనపడేంత సన్నబడింది. అమ్మ రోజూ పోరేది, పోయి అడగవయ్యా అని. అన్న ఎదురుగా నిలబడి ఆ మాట ఎట్లా అంటానని నాయన చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ముఖాన అనలేని మాటను పటంలో పెడితే అన్నకు తగులుతుంది, తన నోటితో అన్నట్టూ ఉండదు అన్న ఉపాయం ఆయనకు ఎప్పుడు తట్టిందో తెలియదు. ఆ ఏడు రామమందిరానికి కొత్త పటం వేస్తూ, పై నుంచి మూడో వరుసలో ఒక పెద్ద పాము గీసి, దాని పేరు కాగితం ముక్క మీద నాకు అందించాడు. గట్టు జరిపినవాడు. నాకు అర్థమైంది. అర్థమై, మిగతా పేర్లకన్నా లావు అక్షరాలతో రాశాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, న్యాయమంతా మా ఇంట్లోనే ఉందని గట్టి నమ్మకం.

ముక్కోటి ఏకాదశినాడు మా ఊళ్ళో ఉపవాసం ఉన్నవాళ్ళు పగలు కునుకు పట్టకుండా రామమందిరంలో చేరి వైకుంఠపాళి ఆడేవారు. ఆ మధ్యాహ్నం కొత్త పటం పరిచారు. పెదనాయన అందరికన్నా ముందు నడుస్తున్నాడు, నిచ్చెన మీద నిచ్చెన ఎక్కి పై వరుసలకు వచ్చాడు, గవ్వలు వేశాడు, పిక్క జరిపాడు, సరిగ్గా ఆ పాము నోట్లో పడింది. ఆయనకు చదువు రాదు. చదువు వచ్చినవాళ్ళందరూ ఒక్కసారిగా పైకప్పు చూడడం మొదలుపెట్టారు. పెదనాయన నా వైపు తిరిగి పాము పేరేందో చదవమన్నాడు. అసూయ అనో గర్వం అనో చదివి ఉంటే ఆ పూట గడిచిపోయేది. ఉన్నది ఉన్నట్టు చదివాను. చదివినందుకు నేను ఈనాటికీ సిగ్గుపడను. లావుగా రాసినందుకు మాత్రం పడతాను.

ఆయన కోప్పడలేదు. పిక్కను పాము ఒంటి వెంబడి నెమ్మదిగా కిందికి, తోక దాకా జరిపాడు. తోక ఉన్న గడి చుట్టూ వేలితో తడిమి చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"సరే రా, పడినాను" అన్నాడు నాయనతో. "పడినోడు మళ్ళా ఎక్కేదానికి ఈడ నిచ్చెన ఏది?"

పెదనాయన పిక్కను తీసి నాయన అరచేతిలో పెట్టి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ తరువాత రెండిళ్ళ మధ్యా మాటలు లేవు. బావి వంతు ఎవరిదో పెద్దమ్మ వచ్చి అమ్మకు చెప్పి పోయేది. వాళ్ళ గేదె ఈనినా మాకు జున్నుపాలు రాలేదు. గట్టు ఎక్కడున్నది అక్కడే ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఒకటి తగిలింది: తాను పోతే తన పాడె తమ్ముడు పట్టకూడదని పెదనాయన ఊరి పెద్దల ముందు అన్నాడట. ఆ మాట విన్న రోజు నాయన అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, కలిపిన ముద్దను అట్లాగే వదిలి లేచాడు. తండ్రిలాంటి అన్నకు ఆఖరి రుణం తీర్చుకోలేని బతుకు ఏం బతుకని అమ్మతో అన్నాడట. భూమి పోతే ఆయన ఓర్చుకున్నాడు, ఇది ఓర్చుకోలేకపోయాడు.

నేను ఆత్మకూరు బడిలో దిగులుగా ఉంటే, మా పెద్ద టీచరమ్మ పక్కన కూర్చోబెట్టుకుని సంగతి రాబట్టింది. ఆమె క్రైస్తవురాలు, ఆదివారం చర్చిలో పిల్లలకు కథలు చెప్పేది. అంతా విని, మీ నాయనకు మా నిచ్చెన కథ చెప్పు అంది. యాకోబు అనేవాడు సొంత అన్నను మోసం చేసి, అన్నకు భయపడి ఊరు విడిచి పారిపోతూ, దారిలో పొద్దుగుంకితే రాయి తలకింద పెట్టుకుని పడుకున్నాడట. వాడికి కలలో నేల మీది నుంచి ఆకాశం దాకా నిచ్చెన, దాని మీద ఎక్కుతూ దిగుతూ దేవదూతలు కనపడ్డారట. మా ఇంట్లో మోసం చేసింది తమ్ముడు కాదు, అన్న అని నేను వాదనకు దిగాను. నిచ్చెనకు వరసలు తెలుస్తాయా అమ్మాయీ అని ఆమె నవ్వింది.

ఆ శనివారం నాయనకు ఈ కథ చెప్పాను. రాయి సంగతీ దూతల సంగతీ ఆయన పట్టించుకోలేదు; ఒక్కటే అడిగాడు, నిచ్చెన కనపడేనాటికి వాడు అన్నను క్షమించమని అడిగి ఉన్నాడా అని. లేదు, అది చాలా ఏళ్ళ తరువాత అన్నాను.

"అయితే నిచ్చెనే ముందు పడిందన్న మాట" అన్నాడు.

లేచి రామమందిరానికి వెళ్ళి పటం తెచ్చాడు. పాము తోక దగ్గర గడిలో నిచ్చెన మొదలుపెట్టి, పాము తల దాటి పై వరుస దాకా తీసుకుపోయాడు. పేరు ఏం రాయమంటావని అడిగితే రాయవద్దన్నాడు. గట్టు తిరిగి వేసినవాడు అని రాయబోయిన నా కలాన్ని పట్టుకుని ఆపాడు, మళ్ళీ వేలెత్తి చూపినట్టు అవుతుందని. మర్నాడు పొద్దున్న పటం చుట్టి చంకన పెట్టుకుని పెదనాయన ఇంటికి నడిచాడు, సిరాబుడ్డి పట్టుకుని వెనక నేను. తప్పు అవతల ఉంటే ఇటువైపువాడు ముందు నడవడం ఏమిటని ఇరుగుపొరుగు అనుకుని ఉంటారు, నేనూ అనుకున్నాను.

పెదనాయన అరుగు మీద ఉన్నాడు. నాయన ఆయన కాళ్ళ దగ్గర పటం పరిచి, నిచ్చెన వేశాననీ, పేరు మాత్రం ఆయనే చెప్పాలనీ అన్నాడు. పెదనాయన వంగి, తోక దగ్గర నుంచి పై వరుస దాకా ఆ నిచ్చెన వెంబడి వేలు జరిపాడు. లోపలి నుంచి పెద్దమ్మ మజ్జిగ తెచ్చి, ఎవరినీ అడగకుండా రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి వెళ్ళింది.

"రాయి పాపా, ముఖాన చెప్పినోడు అని" అన్నాడు చివరికి. "పదేండ్లు నా ఎనకాల నడిచినాడు గానీ ఒక్క రోజన్నా నా ముఖాన చెప్పినాడా? ఊరందరికీ చెప్పినాడు, నాకు చెప్పలా."

రాశాను, ఈసారి మామూలు అక్షరాలతో. నాయన లేచి అన్న ఎదురుగా నిలబడ్డాడు.

"గట్టు జరిగింది అన్నా" అన్నాడు.

"జరిగింది రా. నేనే జరిపినాను."

అంతే, పదేళ్ళ సంగతి అంత చిన్న మాటలతో తేలిపోయింది. మర్నాడు పలుపుతాడు పట్టుకుని ఇద్దరూ చేను కొలిచారు. అక్కడ మళ్ళీ తగాదా, పెదనాయన మావైపు ఎక్కువ వదులుతున్నాడని నాయనా, వదిలితే నీకేమిరా అని ఆయనా, ఎండ నడినెత్తికి వచ్చే దాకా తెగలేదు. అమ్మ సద్ది మూట పట్టుకుని వెళ్ళి ఇద్దరినీ కేకలేస్తే గానీ రాళ్ళు పాతలేదు. చాలా ఏళ్ళకు పెదనాయన పోయినప్పుడు పాడె ముందు కొమ్ము నాయనదే. ఎవరు భుజం మారుస్తామన్నా ఇవ్వకుండా శ్మశానం దాకా ఆయనే మోశాడు.

ఇప్పుడు నాయన లేడు, పటానికి చెదలు పట్టి పోయింది. రామమందిరంలో వైకుంఠపాళి ఆడేవాళ్ళూ లేరు, ఆడడానికి తీరిక ఉన్నవాళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి. అది పెద్ద నష్టమని నేను అనను, ఆటలు పోతాయి, వేరేవి వస్తాయి. నాకు కష్టం తోచేది వేరొకటి. నాయన చేసిన పొరపాటు మా ఊరంతటికీ ఒక్కసారి జరిగిన వింత. ఈనాడు అది అందరికీ రోజువారీ పని అయింది. వదిన మీద కోపమైనా, స్నేహితుడి మీద అలకైనా, పేరు పెట్టకుండా ఒక సూక్తి స్టేటస్‌లో పెట్టేస్తున్నారు, తగలవలసినవాళ్ళకు తగులుతుందని.

ఇంత ధీమాగా చెబుతున్న నేను కూడా పెట్టాను. పోయిన ఏడు నా కంటి ఆపరేషనుకు కలువాయిలో ఉన్న మా చెల్లెలు రాలేదు. కట్టు విప్పిన వారానికి, అయినవాళ్ళే అక్కరకు రానప్పుడు పరాయివాళ్ళను ఏమనుకోవాలి అని మంచి తెలుగులో రాసి, పువ్వుల బొమ్మ వెనక పెట్టి మరీ వదిలాను. దండాలు పెట్టినవాళ్ళు పెట్టారు, ఎంత బాగా రాశారు టీచరుగారూ అన్నవాళ్ళు అన్నారు. చూసినవాళ్ళ పేర్లలో చెల్లెలి పేరు అన్నిటికన్నా ముందుంది. ఆ రోజు నుంచి అది నాకు ఫోను చేయలేదు. నువ్వు రానందుకు నాకు ఏడుపు వచ్చిందే అన్న ఒక్క మాట దాని ముఖాన చెబితే సరిపోయేది. ఇంకా చెప్పలేదు.