ఊడొచ్చిన వైరు

నేను హైదరాబాద్‌లో విమానాల వైరింగ్ పని చేస్తాను. ఆ మధ్య సెలవుకు ఆర్మూర్ వచ్చినప్పుడు మా పసుపు కొమ్ములు పాలిష్ చేసే మిషన్ మోటారు ఆగిపోయింది. నాకు మొదట పని నేర్పిన సలీం చాచా వచ్చి, వైరు చివర లగ్, అంటే చిన్న లోహపు తొడుగు, పెట్టి పాత ప్లయర్‌తో నొక్కాడు.

"మస్తు గట్టిగున్నది బేటా, ఫికర్ చెయ్యకు."

ఊరికే లాగి చూశాను. వైరు ఊడి చేతికొచ్చింది.

"ఇంకోటి నొక్కుదాం తియ్," అని ఆయన నవ్వాడు. నాకు మాత్రం చెమటలు పట్టాయి. సెలవుకు బయల్దేరే తొందరలో నేను, అలా లగ్‌లు నొక్కే క్రింపింగ్ టూల్ తనిఖీ గడువు దాటినా, దానితోనే ఒక విమానంలో పన్నెండు వైర్లు బిగించి వచ్చాను. చూడ్డానికి బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను.

వెంటనే బయటికెళ్లి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి నిజం చెప్పాను. అదృష్టం, విమానం ఇంకా ఎగరలేదు. గంటకు ఆయనే ఫోన్ చేశారు.

"లాగితే రెండు ఊడినయ్," అని పెట్టేశారు.

ఇప్పుడు గడువు చీటీ చూడనిదే టూల్ ముట్టను. చాచా మాత్రం, ఆ రోజు తన పని చూసే నేను భయపడ్డానని ఇప్పటికీ చిన్నబుచ్చుకుంటాడు. తప్పు నాదని ఆయనకింకా చెప్పలేదు.