షామీర్‌పేటలో వంటింటి దారిన

మా కంపెనీ మేడ్చల్ పారిశ్రామిక వాడలో మందుల డబ్బాలు తయారు చేస్తుంది. నేను అక్కడ నాణ్యత విభాగంలో ఉద్యోగం చేస్తూనే, మూడేళ్ళుగా ఇంకో బాధ్యత కూడా చూస్తున్నాను. వేర్వేరు ఊళ్ళ వాళ్ళు, భాషల వాళ్ళు, మతాల వాళ్ళు, ఆడవాళ్ళు, వైకల్యం ఉన్నవాళ్ళు అందరూ ఒకే కప్పు కింద ఇబ్బంది పడకుండా పనిచేసుకునేలా చూసే కమిటీ అది. ఆఫీసు భాషలో దాని పేరు ‘డైవర్సిటీ అండ్ ఇంక్లూజన్’. క్యాంటీన్ భాషలో నా పేరుతో ‘శిరీష మేడం క్లాసు’. మొదట్లో ఆ పేరు విని నేనూ నవ్వేదాన్ని. ఈ ఏడాది నవ్వు రావడం మానేసింది. సమావేశానికి వచ్చినవాళ్ళు బల్ల కింద ఫోన్లు చూసుకుంటున్నారు, గోడ మీది పోస్టర్లు ఏసీ గాలికి ఊడిపోతున్నాయి, అతికించేది నేనొక్కదాన్నే. ఈ బాధ్యత ఇంకెవరికైనా ఇచ్చేయండని సోమవారం మా మేనేజర్‌కి చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. ఈలోగా చేతిలో ఒక్క పని మిగిలింది. ఆఫీసు వాళ్ళందరం ఒక ఆదివారం సరదాగా గడపడానికి షామీర్‌పేట వైపు ఒక చోటు చూసి రావాలి.

తోడు వస్తానన్నది పర్వీన్. మా కొనుగోళ్ళ విభాగంలో పనిచేస్తుంది, మేడ్చల్ దగ్గరి పల్లె రావల్కోల్ అమ్మాయి. చిన్నప్పుడు జరిగిన ప్రమాదం వల్ల నడవలేదు, చక్రాల కుర్చీలో తిరుగుతుంది. నిరుడు ఇలాంటి విహారానికి జ్వరమని రాలేదు. “ఈసారి నేనే చూసి పాస్ చేస్త అక్కా, అప్పుడే వస్త,” అంది. ఇలా కుర్చీలో తిరిగే మిత్రులతోనో, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతోనో ఈ వైపు రావాలనుకునే వాళ్ళకి పనికొస్తుందని ఆ రోజు సంగతి కాస్త వివరంగానే రాస్తున్నాను.

మాది దుండిగల్ దగ్గరి కొత్త కాలనీ. శనివారం ఉదయం ఎనిమిది దాటాక షేర్ ఆటో ఎక్కాను. మేడ్చల్ చేరడానికి ముప్పావు గంట పట్టింది. మధ్యలో కాలేజీ పిల్లలు ఎక్కి దిగుతూ ఉంటారు కాబట్టి ఒళ్ళో బ్యాగు పెట్టుకునే కూర్చోవాలి. బస్టాండు దగ్గర పర్వీన్ అప్పటికే మల్లేశం ఆటోలో ఉంది. మల్లేశం రోజూ ఆమెను ఆఫీసుకు తెచ్చి దింపే మనిషి. మడత కుర్చీని వెనక సీటు వెనకాల ఇరికించి, కదలకుండా చీర అంచుతో కట్టాడు. చీర అతని భార్యదట.

“ఆమెకు తెల్వకుండ తెచ్చిన మేడం. జల్దీ పోయి జల్దీ రావాలె,” అన్నాడు.

రోజంతటికీ ఎనిమిది వందలకు మాట్లాడుకున్నాం. మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు రోడ్డు బాగుంటుంది. సెలవు రోజు అయితే పది లోపే వెళ్ళడం మంచిది, ఆ తర్వాత నగరం నుంచి కార్లు వరసకడతాయి. దారిలో టీ కోసం ఆగినప్పుడు పర్వీన్ ఉన్నట్టుండి, “పోయినసారి నాకు జ్వరం రాలే అక్కా,” అంది. “ఆడ ఎట్లుంటదో ఏమో, నేనొస్తె మీరందరు నా ఎంబడే పరేషాన్ అయితరు. అందుకే రాలే.” ఆ మాట అనేసి బిస్కెట్టు టీలో ముంచుకుని, “ఈ టీ మస్తుంది, ఇంకోటి చెప్పండ్రి,” అంది.

మొదట చూసిన తోట అందంగా ఉంది కానీ లోపలంతా కంకర. పర్వీన్ కుర్చీ పది గజాలు కూడా వెళ్ళకముందే చక్రాలు దిగబడ్డాయి. మల్లేశం, నేను కలిసి వెనక్కి లాగాం. “పాస్ కాలే,” అని తీర్పు చెప్పింది. రెండోది చెరువుకు కాస్త ఇవతల ఉన్న ఒక తోట హోటలు. పేరు రాయను, ఎందుకో చదివితే తెలుస్తుంది. లోపల చెట్ల నీడన బల్లలు, దూరంగా చెరువు నీళ్ళ మెరుపు. ముందు మాత్రం గుడికి కట్టినట్టు ఎత్తైన రాతి మెట్లు. మేనేజర్ శ్రీశైలం ఎదురొచ్చి మా సంగతి విని, “ఏం ఫికర్ లేదు మేడం. మా తాన నలుగురు పనోళ్ళున్నరు. కుర్చీతోటి సహా లేపి లోపట పెడ్తరు,” అన్నాడు.

“మంచిదే అన్నా,” అంది పర్వీన్. “మరి నాకు బాత్రూంకు పోవాల్నన్నా ఆ నలుగుర్నే పిలవాల్నా?”

శ్రీశైలం మొహం ఎర్రబడింది. ఇక నేను అందుకున్నాను. వైకల్యం ఉన్నవారి గౌరవం, సమాన అవకాశం, వ్యాపారానికి కూడా దానివల్ల కలిగే లాభం, అన్నీ సమావేశంలో చెప్పినట్టే చెప్పుకుపోయాను. ఆయన “అవును మేడం, కరెక్టే మేడం” అంటూనే గేటు దగ్గర ఆగిన కారు వైపు చూస్తున్నాడు. మా ఆఫీసు వాళ్ళ చూపే అది. పర్వీన్ నా చున్నీ అంచు పట్టుకుని మెల్లగా లాగింది. నేను ఆగగానే, “అన్నా, నీ హోటలు మంచిగుంది. మీ ఇంటోళ్ళందరు వచ్చి తిన్నరా?” అని అడిగింది.

“అందరొచ్చిన్రు,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “మా అమ్మ తప్ప. మోకాళ్ళు పట్టుకున్నయి ఆమెకు. ఓపెనింగ్ నాడు కార్లనే కూసున్నది. నేనే ప్లేటు తీస్కపోయి ఇచ్చిన.” మెట్ల వైపు ఒకసారి చూసి, “ఎన్కకెళ్ళి ఒక దారున్నది. సిలిండర్ల బండి అటే వస్తది. సూస్తరా?” అన్నాడు.

వెనక దారి చదునుగా, సిమెంటుతో ఉంది. కాకపోతే దాని నిండా ఉల్లిగడ్డల బస్తాలు, ఖాళీ సీసాల డబ్బాలు. శ్రీశైలం, మల్లేశం, నేను కలిసి పక్కకు జరిపాం. పర్వీన్ తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. “జరుగుండ్రి, జరుగుండ్రి, నూనె ఉన్నది!” అని వంటమాస్టర్ అరిచాడు. అరిచి, ఆమె ఆగడం చూసి, పెనం మీది చేప ముక్కొకటి ఆకులో పెట్టి చేతికిచ్చాడు. “ఉప్పు సరిపోయిందా బిడ్డా?” అని అడిగాడు. ఆమె తింటూనే తల ఊపి, అటు తలుపు గుండా బయటికి, గడ్డి అంచున వేసిన బాట మీదుగా, నీళ్ళు కనిపించే చివరి బల్ల దాకా ఒక్కతే వెళ్ళిపోయింది. పనివాళ్ళ బాత్రూంకి గడప లేదు, తలుపు వెడల్పు కూడా సరిపోయింది. తిరిగి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నాకు పట్టరాని ఆనందం.

“ఇంకేం, నువ్వు ఇటు నుంచి వచ్చెయ్, మేం ముందు నుంచి వస్తాం,” అన్నాను.

పర్వీన్ కుర్చీ నా వైపు తిప్పింది. “లేదక్కా. మీరందరు మెట్లెక్కుకుంట, ఫోటోలు దిగుకుంట వస్తుంటె, నేనొక్కదాన్నే ఉల్లిగడ్డల పక్కకెళ్ళి రావాల్నా? గట్లైతె నేను రాను.”

ఆమె కోపంగా అనలేదు. మామూలుగా అంది. అందుకే నాకు ఎక్కువ తగిలింది. శ్రీశైలం, మెట్ల పక్కన వాలు దారి కట్టాలంటే యజమానిని అడగాలని, ఎంత లేదన్నా నెల పడుతుందని చెప్పాడు. మా విహారం వచ్చే వారమే. ఇంకో చోటు వెతుకుదామని మల్లేశం ఆటో తాళం చెవి వేలికి తిప్పుతున్నాడు. నేను ఆ వంటింటి గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాను. మసాలా వేగుతున్న వాసన, ఆవిరి, గిన్నెల చప్పుడు. అంత సందడైన ద్వారం ఇంకేముంటుంది?

“అందరం ఇటు నుంచే వస్తే?” అన్నాను.

నేను తమాషాకి అంటున్నానేమో అని పర్వీన్ నా మొహంలోకి చూసింది. శ్రీశైలం కంగారుపడ్డాడు. “పెద్ద సార్లు గూడ వంటింట్లకెళ్ళా మేడం?”

“పెద్ద సార్లు కూడా వంటింట్లోంచేనండీ. ఆ రోజు మావాళ్ళనెవరినీ మెట్ల వైపు రానివ్వకండి.”

“పాస్,” అంది పర్వీన్.

భోజనానికి మనిషికి నాలుగు వందల యాభై చొప్పున మాట్లాడుకుని బయటపడేసరికి మధ్యాహ్నం కావస్తోంది. చెరువు బాగా కనిపించే చోట రోడ్డు పక్కన నీడ చూసి ఆటో ఆపించాం. కాల్చిన మక్కబుట్టలు, మా వైపు మాటలో మొక్కజొన్న పొత్తులు, కొన్నాం. నిమ్మచెక్క, కారం బాగా రాసిచ్చారు. నీళ్ళ మీద కొంగలు దిగుతున్నాయి. అప్పుడు పర్వీన్‌కి చెప్పాను, సోమవారంతో ఈ కమిటీ పని మానేస్తున్నానని. ఓదారుస్తుందనుకున్నాను.

“మానేస్తె మానేయండ్రి గని, విహారం అయినంక మానేయండ్రి,” అంది. “లేకుంటె మల్ల అందర్నీ మెట్ల మీదికెళ్ళే తీస్కపోతరు.”

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. “ఒకటి చెప్త, ఏమనుకోవద్దు. ఆ అన్నకు క్లాసు చెప్పినప్పుడు మీ మొకం ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టుండె. అందరం వంటింట్లకెళ్ళి వద్దాం అన్నప్పుడు మాత్రం మీ మొకమే మీకున్నది. ఏంది ఫరకో నాకైతె తెల్వదు.” అని, తన మక్కబుట్ట అయిపోవడంతో మల్లేశం చేతిలోది సగం విరిచి తీసుకుంది.

ఆ ఫరకు, ఆ తేడా, ఏమిటో నేనే ఆలోచించుకోవలసి వచ్చింది. అసలు ఈ పనికి నేనెందుకు వచ్చాను? తెనాలి నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తలో నా మాట వింటే చాలు, పక్కవాళ్ళు నవ్వేవారు. నేను ‘ఏంటండీ’ అంటే వాళ్ళు రాగం తీసి ‘ఏంటండీ’ అనేవారు. వాళ్ళు అనేది సగం నాకు అర్థమయ్యేది కాదు. మధ్యాహ్నం ఒక్కదాన్నే తినేదాన్ని. ఒక రోజు స్టోర్స్‌లో పనిచేసే స్వరూపక్క డబ్బా తెచ్చి నా ఎదుట పెట్టుకుని కూర్చుంది. ఏమీ బోధించలేదు. తన కూర నా డబ్బాలో వేసి, నా కూర తను తిని, “గిదేంది, గింత కారమున్నది?” అంది. వారం తిరిగేసరికి మా బల్ల దగ్గర ఆరుగురయ్యారు. నేను కమిటీలో చేరింది అలాంటి బల్లల కోసం. మూడేళ్ళలో ఎక్కడో దారి మళ్ళి, హాలూ మైకూ పోస్టర్లూ పట్టుకున్నాను. ప్రతి సమావేశం తర్వాత ఎంతమంది వచ్చారని లెక్క అడిగాను గానీ, ఇందులో నాకు నచ్చిందేమిటి, నన్ను అలసగొట్టిందేమిటి అని నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. అలసిపోయింది మనుషులతో కాదు. మనుషులు లేని పనితో. ఇది తెలియగానే పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆకలి వేసింది, అంతే.

రావల్కోల్‌లో పర్వీన్ వాళ్ళింటికి రెండున్నరకు చేరాం. వాళ్ళ నాన్న పొలంలో ఉన్నాడు. వాళ్ళమ్మ, “ఆవో బేటీ, కూసో, కూసో,” అని మసాలా తాలింపు వేసిన బగారన్నం, పప్పు, పుల్లటి ఆకుకూర వడ్డించింది. నేను గోంగూర ఎంత బాగుందో అన్నాను.

“గోంగూర ఏంది మేడం, పుంటికూర అనండ్రి,” అన్నాడు మల్లేశం.

“పుంటికూర, గోంగూర కుచ్ నై. అంబాడా,” అని ఆమె గరిటె ఎత్తి ఉర్దూలో తేల్చేసింది. గరిటె ఆవిడ చేతిలో ఉంది కాబట్టి ముగ్గురం అంబాడానే తిన్నాం. మల్లేశం మూడుసార్లు వేయించుకున్నాడు.

సోమవారం మేనేజర్ గదిలోకి వెళ్ళి, బాధ్యత వదలను గానీ పద్ధతి మారుస్తానని చెప్పాను. నెలవారీ సమావేశం బదులు ప్రతి వారం ఒక సహోద్యోగితో కలిసి వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో, గేటు నుంచి క్యాంటీన్ దాకా, చూస్తానన్నాను. ఆయన “మూడు నెలలు చూద్దాం,” అన్నాడు. తర్వాతి ఆదివారం మా ఫ్యాక్టరీ అధిపతితో సహా అందరం ఆ వంటింటి గుండానే లోపలికి వెళ్ళాం. ఆయన చేపల మసాలా ఎలా చేస్తారని అడుగుతూ పెనం దగ్గరే నిలబడిపోవడంతో వెనక వరస కదల్లేదు. నూనె ఉంది జరగండని వంటమాస్టర్ ఆయన మీద కూడా అరిచాడు. పర్వీన్ తంబోలా ఆటలో గెలిచి ఆ తర్వాత రెండు వారాలు ఎవరినీ ప్రశాంతంగా ఉండనివ్వలేదు. క్యాంటీన్‌లో ఇప్పుడు ఆ విహారాన్ని ‘ఉల్లిగడ్డల పిక్నిక్’ అంటున్నారు. వెక్కిరించే వాళ్ళు వెక్కిరిస్తూనే ఉన్నారు. మేం ఆ మెట్ల గురించి హోటలు యజమానికి రాశాం, ఇంకా జవాబు రాలేదు.

ఇలాంటి పనిలో ఫలితం ఎప్పుడో గానీ కనిపించదు, కనిపించినా అందరూ ఒప్పుకోరు. అందుకని ఉత్సాహాన్ని ఎవరి చప్పట్ల నుంచో తెచ్చుకుంటే అది వాళ్ళతోనే పోతుంది. నేనిప్పుడు శుక్రవారం సాయంత్రం ఇంటికి వెళ్ళే షేర్ ఆటోలో, దుండిగల్ వచ్చేలోపు, ఈ వారం ఎవరితో మాట్లాడినప్పుడు నాకు సంతోషం కలిగిందో గుర్తు చేసుకుంటాను. కొన్ని వారాలు ఎవరూ గుర్తుకు రారు. అప్పుడు దాచుకోకుండా, ఈ వారం నేను కాగితాలే చూశానని నాకు నేనే చెప్పుకుంటాను. మరుసటి వారం ఎవరి పక్కన కూర్చోవాలో అప్పుడే తడుతుంది. బరువు తగ్గలేదు గానీ, ఎందుకు మోస్తున్నానో తెలుస్తోంది.

ఇక మీరు వెళ్ళేముందు ఒక మాట. హోటలుకి ఫోన్ చేసి ‘కుర్చీ వస్తుందా’ అని అడిగితే అందరూ వస్తుందనే అంటారు. ముందు రోజే వీడియో కాల్ చేసి, బయటి గేటు దగ్గర మొదలుపెట్టి బాత్రూం లోపలి దాకా ఫోన్ పట్టుకుని నడవమనండి. ఎక్కడ కాలు ఎత్తాల్సి వచ్చిందో మీకే కనిపిస్తుంది.