రేడియేటర్‌లో పసుపు

పసుపు ఉడుకుతున్న వాసన వచ్చింది.

మా పుట్టింటివాళ్ళది దుగ్గిరాల వైపు. చలి తగ్గే రోజుల్లో కొమ్ములు తవ్వి, పొలాల్లో పెద్ద పెద్ద బానల్లో ఉడకబెడితే ఊరంతా కమ్ముకునే వాసన అది. చిన్నప్పుడు నాకు ఇష్టంగానే ఉండేది. కానీ జూన్ నెల ఎండలో, హనుమాన్ జంక్షన్ దాటి విజయవాడ వైపు పోతున్న పాత పికప్ వ్యానులో, మా కాళ్ళ కింద నుంచి ఆ వాసన ఎందుకొస్తుంది? నేను ఆ ఆలోచనలో ఉండగానే మా పాప రెండు కాళ్ళూ పైకి లాక్కుంది.

"అమ్మా, సీటు కాలుతోంది."

ఆ బండికి ఇంజను ముందు వైపు ఉండదు. డ్రైవరు సీటుకీ పక్క సీటుకీ మధ్యన రేకు పెట్టె ఒకటి ఉంటుంది, దాని కింద ఉంటుంది. పెట్టె మీద దుప్పటి మడిచి వేస్తే అదే మూడో సీటు. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, రోజూ పొద్దున మా పిల్లలిద్దర్నీ ఆ పెట్టె మీద కూర్చోబెట్టుకుని బడి దగ్గర దించి, అక్కణ్ణించి గోడౌనుకి పోతారు. మా అత్తవారిది షామియానాల వ్యాపారం. ఆ రోజు ఆదివారం. చుట్టాలమ్మాయి ఓణీల ఫంక్షనుకి చుట్టరికానికి చుట్టరికం, బేరానికి బేరం అన్నట్టు పందిరి సామానుతో సహా వెళ్ళి తిరిగి వస్తున్నాం. మా ఆయన వెనక కుర్చీల మధ్య కూర్చున్నారు. ముందు బావగారూ, నేనూ, నా ఒళ్ళో నిద్రపోతున్న బాబూ, పెట్టె మీద పాప.

దుప్పటి కిందకి చెయ్యి పెట్టి చూశాను. రేకు పెనంలా ఉంది.

"బావగారూ, ఇంజను బాగా వేడెక్కినట్టుందండీ. ఒకసారి ఆపి చూస్తారా?"

"ఇంజనన్నాక వేడెక్కుద్ది. చల్లగా ఉండటానికి అదేమన్నా ఫ్రిజ్జా?"

"పసుపు ఉడికిన వాసన వస్తోందండీ."

ఆయన నవ్వారు. "ముక్కు మంచిదే అమ్మాయ్. నేనే వేశా."

రేడియేటరు కారుతోందట. లారీవాళ్ళు చేసే వైద్యమేనట, గుప్పెడు పసుపు వేస్తే చిల్లి పూడుకుపోతుందట. పూడుకుంది కూడా. మళ్ళీ కారింది, మళ్ళీ వేశారు. కారినప్పుడల్లా ఒక గుప్పెడు. మా వంటింట్లో పసుపు డబ్బా ఎందుకు నిండుగా ఉండటం లేదో నాకు అప్పుడు తెలిసింది. "పసుపు పడ్డ బండికి చెడు జరగదు" అన్నారు పైగా. వేడి చూపించే సూది నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ కింది గీత మీదే పడుకుని ఉంది. దాన్ని బాగుచేయించమని ఎవరన్నా అంటే, కదలకుండా ఉందంటే బండి బాగున్నట్టేగా అంటారు.

పాపని నా వైపు లాక్కుని ఒక మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాను. వెనక అద్దం మీద గట్టిగా కొట్టాను. మా ఆయన కుర్చీల మధ్య నుంచి తొంగిచూసి, ఏంటన్నట్టు చెయ్యి తిప్పారు. కింద వేడిగా ఉందని సైగ చేశాను. అన్నయ్య చూసుకుంటాడులే అన్నట్టు మళ్ళీ చెయ్యి తిప్పారు.

కాసేపటికి పెట్టె అంచుల నుంచి ఆవిరి లేచింది. ఇక ఆపక తప్పలేదు. ఒక మామిడితోట కంచె పక్కన ఆపారు. పక్కనుంచి లారీలు పోతుంటే బండి ఊగుతోంది.

"కాళ్ళు పైకెత్తుకోండి. మూత తీసి నీళ్ళు పోస్తా. దిగక్కర్లా, బయట ఎండ."

నీళ్ళు పోసే మూత కూడా ఆ పెట్టె కిందే. మేం అక్కడే కూర్చుని ఉంటే మా మోకాళ్ళ పక్కనే ఆయన దాన్ని తీయాలి.

"ఇప్పుడే తీయకండి బావగారూ. చల్లారనివ్వండి."

"ఎవరు చెప్పారు నీకు?"

"కుక్కరు దించిన వెంటనే మూత తీయం కదండీ."

"వంటిల్లు వేరు, బండి వేరు. బియ్యస్సీలో ఇంజను విప్పడం కూడా నేర్పారా?"

తలుపు తీసి, బాబుని భుజాన వేసుకుని, పాప చెయ్యి పట్టుకుని దిగిపోయాను. "ఎండదెబ్బ తగిల్తే నన్నడగద్దు" అన్నారు వెనక నుంచి. కంచె దాకా పోయి నిలబడ్డాను. చెప్పు కింద తారు మెత్తగా తగిలింది.

ఆయన గోనెపట్టా తడిపి మూత మీద వేసి తిప్పారు. ఏదో పగిలినట్టు శబ్దమైంది. పచ్చటి నీళ్ళు కేబిన్ పైకప్పుకి కొట్టి అక్కణ్ణించి కిందకి కురిశాయి. పాప కూర్చున్న దుప్పటి మీద, నేను కూర్చున్న సీటు మీద, బాబు తల ఆనించుకున్న తలుపు మీద. అన్నిటి నుంచీ పొగలు. బావగారు మణికట్టు పట్టుకుని వెనక్కి తూలారు. పాప గోళ్ళు నా అరచేతిలో దిగాయి. ఏడవలేదు. ఆ సీటునే చూస్తూ ఉండిపోయింది.

మా ఆయన వెనక నుంచి దూకి, తాగే నీళ్ళ సీసా తీసుకుని అన్నగారి చేతి మీద పోశారు. పోస్తూ నా వైపు చూశారు, ఆ మూత నేనే తీసినట్టు.

"బయల్దేరేటప్పుడే వెనక నుంచి పిలిచింది" అన్నారు బావగారు, తమ్ముడితో. నాతో కాదు. "అప్పుడే అనుకున్నా."

పిలిచిన మాట నిజమే. ఆయన బండి ఎక్కబోతుంటే ఆ నీళ్ళ సీసా మర్చిపోయామని వెనక నుంచి పిలిచాను. ఆ సీసాలో నీళ్ళే అప్పుడు ఆయన చేతి మీద పడుతున్నాయి. ఆ మాట ఆయన మొహం మీదే అనాలనిపించింది.

మా ఆయన దారిన పోయే మోటారుసైకిలు ఎక్కి జంక్షన్‌కి పోయి మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చారు. ఆదివారం మధ్యాహ్నం నిద్రలోంచి లేపుకొచ్చారేమో, అతను రావడమే విసుగ్గా వచ్చాడు. పెట్టె ఎత్తి లోపలికి చూశాడు.

"ఇది రేడియేటరా, పులిహోర గిన్నా?"

ఫ్యాను బెల్టు లాగి చూశాడు, బిగువుగానే ఉంది. పై గొట్టం మీద వేలు పెట్టి వెంటనే తీసేశాడు. కింది గొట్టాన్ని మాత్రం గుప్పిట్లో పట్టుకుని అలాగే ఉన్నాడు. అది చల్లగానే ఉందన్నమాట. ఇంజను నుంచి కాగిన నీళ్ళు పైనుంచి వచ్చి, రేడియేటర్‌లో చల్లారి, కింద నుంచి మళ్ళీ ఇంజనుకి పోవాలి. పైన సలసల కాగుతూ కింద చల్లగా ఉందంటే మధ్యలో దారి మూసుకుపోయినట్టే. కింద ఉన్న మర వదులు చేస్తే నీళ్ళు ధారగా రావాల్సింది పోయి, పచ్చటి ముద్ద ఒకటి బయటికొచ్చి వేలాడింది.

"సన్న గొట్టాలన్నీ పూడుకుపోయాయి. దించి, విప్పి, ఒక్కోటీ పొడిచి కడగాలి. రేపు సాయంత్రం అవుద్ది."

"రేపు పొద్దున ఇబ్రహీంపట్నంలో పందిరి వేయాలయ్యా" అన్నారు బావగారు. "ఆపుకుంటా, నీళ్ళు పోసుకుంటా పోతాలే."

"పోండి. ఇంజను పట్టేస్తే మళ్ళీ నన్నేగా లేపేది."

నేను ముందుకు వచ్చి అడిగాను. "నీళ్ళు పోసుకుంటూ పోతే మళ్ళీ ఇలా ఎగజిమ్ముతుందా?"

అతను నా వైపు చూడకుండా బావగారికే చెప్పాడు. "జిమ్మచ్చు, జిమ్మకపోవచ్చు. నన్నడిగితే ఎట్టా, దేవుణ్ణి అడగమనండి."

మా ఆయన్ని పక్కకి పిలిచాను. పిల్లలతో నేను బస్సులో పోతున్నానని, మీరూ రండని చెప్పాను.

"అన్నయ్య ఒక్కడే ఉన్నాడు, చెయ్యి కాలింది."

"పిల్లలతో నేనూ ఒక్కదాన్నే."

"నలుగురిలో ఎందుకిది? నీళ్ళు పోసుకుంటూ మెల్లగా పోదాం."

జంక్షన్ వైపు పోతున్న షేర్ ఆటో ఆపి పిల్లలతో ఎక్కాను. జంక్షన్‌లో విజయవాడ బస్సు కిటకిటలాడుతోంది. దారి పొడుగునా నిలబడే ఉన్నాను. బాబు నీళ్ళు అడిగాడు. సీసా లేదు.

దీపాలు పెట్టే వేళకి వ్యాను ఇంటికొచ్చింది. నీళ్ళు పోసుకుంటూ, ఆగుతూ వచ్చారట. బావగారు చేతికి మందు రాసుకుని, వాకిట్లో నుంచే అరిచారు. "అమ్మాయ్, గుప్పెడు పసుపు పట్రా. మళ్ళీ కారుతోంది."

వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. కదల్లేదు. ఆయన ఇంకోసారి పిలిచారు. అప్పుడు అత్తగారు నన్ను పక్కకి నెట్టినంత పని చేసి లోపలికొచ్చి, డబ్బా డబ్బానే తీసుకెళ్ళి ఇచ్చారు.

"రేపు పిల్లల్ని పెందలాడే తయారుచెయ్" అన్నారు బావగారు, పసుపు చేత్తోనే. "వాళ్ళని దించేసి ఇబ్రహీంపట్నం పోవాలి."

అన్నం దగ్గర మా ఆయనతో చెప్పాను, రేపు వాళ్ళు ఆ బండి ఎక్కరని.

"బడి ఎంత దూరమని? ఈ కాస్త దూరానికి ఏమీ కాదు."

"ఆ మూత మీద ఎవరు కూర్చుంటారో చూశారుగా."

"నువ్వు పంపకపోతే ఏమైనట్టు? 'నీ చేతిలో నా పిల్లలకి భద్రం లేదు' అని అన్నయ్య మొహాన అన్నట్టు. ఆయన మళ్ళీ మన గడపలో నోరు విప్పి మాట్లాడతాడా?"

"మాట్లాడకపోనివ్వండి."

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఇలాగే ఉంది. ఒకే వాకిట్లో మనుషులు ఒకరి పక్కనుంచి ఒకరు పలకరింపు లేకుండా నడిచిపోతారు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, పక్కగదిలో ఆయన మేలుకునే ఉన్నారని మంచం చప్పుడుని బట్టి తెలుస్తోంది. ఆయన లేచి వచ్చి ఏం రాస్తున్నావని అడగరు. నేనూ చెప్పను.

ఆ ఆదివారం మర్నాడు పొద్దున వీధిలో హారన్ మోగింది. ఇంజను ఆడుతూనే ఉంది. పాప సంచీ తగిలించుకుని గుమ్మం వైపు నడిచింది, వెనక బాబు. ఇద్దర్నీ వెనక్కి లాగి, వాళ్ళ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"ఇవాళ్టి నుంచి మనం సిటీ బస్సులో పోదాం. పెదనాన్న బండి ఎక్కద్దు. పెదనాన్న రమ్మన్నా, నానమ్మ కోప్పడ్డా, నాన్న ఎత్తి కూర్చోబెట్టినా దిగి వచ్చేయండి. ఎందుకని అడిగితే మా అమ్మ ఎక్కద్దందని చెప్పండి."

హారన్ మళ్ళీ మోగింది. ఈసారి ఆగలేదు.

"పెదనాన్న అరిస్తే?" అంది పాప.

"అరుస్తారు. నువ్వు మాత్రం ఎక్కద్దు."