బుడగలు తెర దాటి రాలేదు

మేము అమెరికాలో, ఇర్వింగ్‌లో ఉండగా త్రీడీ సినిమాలకు మళ్ళీ గిరాకీ పెరిగింది. 2010 ప్రాంతం. సోమవారం ఆఫీసులో కాఫీ దగ్గర అవే కబుర్లు: ఎవరు ఏ సీన్‌లో ఉలిక్కిపడ్డారు, ఎవరి పాప్‌కార్న్ ఒలికిపోయింది. ఆ వేసవిలో మా అత్తగారు వచ్చి మాతో ఉన్నారు. బందరు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. కొత్తదేదైనా చూపిస్తామంటే వద్దనే అలవాటు ఆవిడకు లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం నేను, మా ఆయన, ఎనిమిదేళ్ళ మా అమ్మాయి ఆవిడను వెంటబెట్టుకుని ఒక బొమ్మల సినిమాకు వెళ్ళాం. కథంతా సముద్రం అడుగున. తిమింగలం నోరు తెరవగానే నీటి బుడగలు గుంపుగా మా మీదికి వచ్చాయి. మా అమ్మాయి వాటిని పట్టుకోవడానికి సీట్లోంచి లేచింది. నేనూ తెలియకుండానే తల పక్కకు వంచాను. అత్తగారు మాత్రం నల్ల కళ్ళజోడు పెట్టుకుని నిటారుగా కూర్చుని, తెరను వదిలేసి మమ్మల్ని చూస్తున్నారు.

"ఎలా ఉందమ్మా?" అన్నారు మా ఆయన, కార్‌లో.

"బాగుంది నాన్నా. ఆ నల్లద్దాలతోనే కాస్త చీకటిగా అనిపించింది. అవెందుకిచ్చారో."

"నానమ్మా, బబుల్స్ నీ ఫేస్ దగ్గరికి రాలేదా?" అంది మా అమ్మాయి.

"తెర మీదే ఉన్నాయి కదమ్మా. మీరంతా చేతులు చాస్తుంటే ఇక్కడి పద్ధతేమో అనుకున్నా."

అందరం నవ్వాం. ఆవిడా నవ్వారు. ఇంటికి వచ్చాక మాత్రం నా వెనకే వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా అడిగారు. "అమ్మాయ్, నిజం చెప్పు. మీకవి నిజంగానే బయటికొచ్చినట్టు కనిపించాయా, సరదాకి అంటున్నారా?"

"నిజంగానే అత్తయ్యా."

మా అమ్మాయి ఇది విని రెండు పెన్సిళ్ళు పట్టుకొచ్చింది. వాళ్ళ స్కూల్లో చేయించారట. చేతులు చాచి రెండు మొనలూ ఒకదానికొకటి తాకించాలి. రెండు కళ్ళతో సులువు, ఒక కన్ను మూస్తే తప్పుతుంది. అత్తగారికి రెండు కళ్ళూ తెరిచినా తప్పింది. మళ్ళీ చేశారు, మళ్ళీ తప్పింది. అప్పుడు కుడి కన్ను చేత్తో మూసి గోడ మీది క్యాలెండర్ చదవమన్నాను. అంకెలన్నీ అలుక్కుపోయినట్టున్నాయన్నారు. "ఎడమ కన్ను కాస్త మందమని బందరులో డాక్టరు ఎప్పుడో అన్నాడులే. రెండోది బాగుందిగా అని నేను పట్టించుకోలేదు."

మాకు తెలిసిన డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. గుంటూరులో చదువుకుని 1970ల్లోనే ఇక్కడికొచ్చిన కంటి డాక్టరు. ఫోన్ చేస్తే క్లినిక్‌కి రమ్మన్నారు. పరీక్షలన్నీ అయ్యాక అత్తగారికి ఒక కళ్ళజోడు పెట్టి, పెద్ద ఈగ బొమ్మ ఉన్న అట్ట ముందు పెట్టారు.

"ఆ ఈగ రెక్కలు రెండు వేళ్ళతో పట్టుకోండి."

అత్తగారు వేళ్ళు తిన్నగా కాగితం మీద ఆనించారు. తరువాత డాక్టరమ్మ నన్ను చేయమన్నారు. ఆ కళ్ళజోడులోంచి చూస్తే ఈగ అట్ట మీంచి లేచి ఉంది. నా వేళ్ళు గాల్లోనే ఆగిపోయాయి. అది చూసి అత్తగారి ముఖంలో నవ్వు పోయింది.

"చిన్నతనంలోనే మీ మెదడు ఎడమ కంటిని పక్కన పెట్టేసిందండీ," అన్నారు డాక్టరమ్మ. "రెండు కళ్ళూ కలిసి పనిచేస్తేనే ఆ లోతు కనిపిస్తుంది. ఈ వయసులో మనం చేయగలిగింది తక్కువ. కుడి కన్ను జాగ్రత్తగా చూసుకోండి."

"చిన్నప్పుడు పాలు గ్లాసులో పోస్తే బయట పడేవి. దానికీ ఇదే కారణమా?"

"అయ్యుండొచ్చు. దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో మీకు సరిగా అందదు. ఇన్నేళ్ళూ ఎంత జాగ్రత్తపడి ఉంటారో."

హైవే ఎక్కాక ఆవిడ కిటికీ వైపు తిరిగారు. అటు చూస్తూనే చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో ఆవిడకు 'ఒలకబోతల పిల్ల' అని పేరట. స్కూల్లో త్రోబాల్ ఆడితే బంతి ముక్కుకి తగిలేదట. పెళ్ళయ్యాక విస్తరి ముందు వంగి నెయ్యి వేస్తే అన్నం మీద కాకుండా ఆకు అంచున పడేదట. ఆ తరువాత అత్తింట్లో ఆవిడ చేత వడ్డన చేయించలేదు.

"ధ్యాస లేదనేవారు. నేనూ అదే అనుకున్నా. ఎంత ధ్యాస పెట్టినా కుదిరేది కాదు మరి," అన్నారు. గొంతులో కోపం లేదు. కళ్ళు మాత్రం తుడుచుకున్నారు.

ఆవిడ గ్లాసు అంచుకు చెంబు మూతి ఆనించి మరీ నీళ్ళు పోయడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. పొదుపైన మనిషి, చుక్క పోనివ్వరు అనుకునేదాన్ని.

ఆ వారం తెనాలిలో ఉన్న తన అక్కగారికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో పెట్టడంతో మాకూ వినిపించింది.

"అయ్యో, ఎన్ని మొట్టికాయలు వేశానే నీకు," అన్నారు అక్కగారు.

"నీకేం తెలుసు అక్కా, నాకే తెలియదు. మీ ఇంట్లో పిల్లలందరికీ ఒకసారి కళ్ళు చూపించు. వంశంలో వస్తుందిట."

లెక్కల టీచరు కదా, అంతటితో ఊరుకోలేదు. ఒక సాయంత్రం బాల్కనీలో నన్ను కూర్చోబెట్టి అడిగారు. "లోతు అంటే నీకెలా కనిపిస్తుంది, చెప్పు."

"ఆ చెట్టు ముందు కారుంది కదా అత్తయ్యా."

"అది నాకూ తెలుసు. కారు చెట్టుని కప్పేసింది కాబట్టి ముందుంది."

"అలా ఆలోచించి తెలుసుకోవడం కాదు. కారుకీ చెట్టుకీ మధ్య ఖాళీ కనిపిస్తుంది."

"ఖాళీ ఎలా కనిపిస్తుందమ్మా? ఏమీ లేనిదాన్నేగా ఖాళీ అంటాం."

ఎంత ప్రయత్నించినా నేను చెప్పలేకపోయాను. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని నేనెప్పుడూ గమనించలేదని మాత్రం అర్థమైంది. ఆవిడ నా అవస్థ చూసి, "పోనీలే, నాకు కావలసినంత కనిపిస్తోంది," అని చేయి తట్టి లేచారు.

చలికాలం రాకముందే ఆవిడ బందరు వెళ్ళిపోయారు. కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం ఫోన్ చేసినప్పుడు మంచి హుషారుగా ఉన్నారు. అక్కగారి మనవరాలు, నాలుగేళ్ళ పిల్లకు, సరిగ్గా ఇదే తేలిందట. ఇంకా చిన్న వయసు కనుక నయమవుతుందని, రోజూ కొంతసేపు మంచి కంటికి ప్యాచ్ అంటించి మూసి ఉంచమని డాక్టరు చెప్పారట.

"ఉంచుకుంటోందా అత్తయ్యా?"

"ఎక్కడ. పీకేసి ఒకటే ఏడుపు. అందుకే దాన్ని ఇక్కడికి రప్పించుకున్నా. నేనూ ఒకటి అంటించుకుని దాని పక్కన కూర్చుంటే ఊరుకుంది. ఇద్దరం బొమ్మలకు రంగులేస్తున్నాం."

"మీకెందుకు అత్తయ్యా ఇబ్బంది, ఎలా కనిపిస్తుంది?"

"ఎడమ కంటికే అంటించుకున్నాలే," అన్నారు. "దానికి చెప్పకు."